ఒకే గది, ఐదు సీసాలు

ప్రీమెడికల్‌లో చేరిన మొదటి ఏడాది నేను చేసిన పరిశోధనంతా సీసాలు కడగడమే. మా విశ్వవిద్యాలయంలో మెడిసిన్ సీటుకి మార్కులొక్కటే చాలవు. ఏదో ఒక ల్యాబ్‌లో బుద్ధిగా పనిచేసిందని ఒక ప్రొఫెసరు ఉత్తరం రాసివ్వాలి. ఆ ఉత్తరం కోసం మా బ్యాచ్ అంతా దోహాలో ఉన్న ల్యాబులన్నిటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాం. నాకు దొరికింది కిడ్నీల మీద పనిచేసే ల్యాబ్. దాని ప్రొఫెసరు ఈజిప్టు దేశస్థురాలు, యాభై దాటిన మనిషి. ఆవిడ ఎవర్నీ తిట్టేది కాదు, మెచ్చుకునేదీ కాదు. చేసిన పని చూసి "మళ్ళీ చెయ్యి" అనేది. ఆ మాట రెండేళ్ళలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

సీసాలు కడగడం అయ్యాక కణాలు పెంచే పని ఇచ్చారు. గురువారం సాయంత్రం నిక్షేపంగా ఉన్న కణాలు ఆదివారం పొద్దున వచ్చి చూస్తే బూజు పట్టి ఉండేవి. చేతులు సరిగ్గా కడుక్కోలేదన్నారు, మూత సరిగ్గా పెట్టలేదన్నారు, ఊపిరి గట్టిగా వదిలానని కూడా అన్నారు. మనుషుల్ని బతికిద్దామని బయల్దేరినదాన్ని, ప్లాస్టిక్ పళ్ళెంలో కాసిని కణాల్ని రెండు రోజులు బతికించలేకపోయాను. వారమంతా హాస్టల్లో ఉండి, శుక్ర శనివారాలు సెలవు కాబట్టి గురువారం సాయంత్రం నాన్న కారులో దుఖాన్‌లోని మా క్వార్టర్స్‌కి వెళ్ళేదాన్ని. నాన్న అక్కడ ఆయిల్ కంపెనీలో ఫైళ్ళు చూసే ఉద్యోగి. దారిలో ఆయన ఏదో అడుగుతుండగానే నిద్రపోయేదాన్ని. అమ్మ అన్నం కలిపి చేతిలో పెడితే కంచం ముందు కూడా కునికేదాన్ని. శుక్రవారం పొద్దున చర్చి ఆరాధనలో పాటకి అందరూ లేచి నిలబడితే నేను ఒక చరణం ఆలస్యంగా లేచేదాన్ని. ఇంకా డాక్టరు కాకముందే ఇలా ఉంటే, అయ్యాక ఎలా ఉంటానా అని నాకు నామీదే జాలేసేది.

రెండో ఏడు మా ప్రొఫెసరు కొత్త స్టడీ మొదలుపెట్టింది. ఎండలో పనిచేసే కార్మికుల కిడ్నీలు ఎలా ఉంటున్నాయో చూడాలి. దోహాకి దక్షిణాన బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక కంపెనీ వాళ్ళు తమ క్యాంప్‌లోకి రానిస్తామన్నారు. ఆ క్యాంప్‌లో సగం మంది తెలంగాణ వాళ్ళు. ప్రొఫెసరు నన్ను పిలిచి, "నీకు వాళ్ళ భాష వచ్చు కదా," అంది. అంతే. ఇన్నాళ్ళూ పిపెట్ పట్టుకుని నేను పడ్డ పాట్లకి రాని అవకాశం, మా అమ్మ ఊరికే నేర్పిన తెలుగుకి వచ్చింది. సంతోషించాను గానీ కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

శుక్రవారం వాళ్ళకి సెలవు. మా ల్యాబ్‌లోని మలయాళీ నర్సు వ్యాన్ నడిపితే, నేను పక్కన అట్టపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. క్యాంప్‌లో భోజనాల హాలు ఒక మూల మాకు బల్ల వేసి ఇచ్చారు. అక్కడ తెలుగువాళ్ళకి పెద్దదిక్కుగా ఒకాయన ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, ఇరవై ఏళ్ళకి పైగా గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసినవాడు. నేను రాసుకొచ్చిన అంగీకార పత్రం చదివి వినిపిస్తుంటే ఆయన మధ్యలో ఆపాడు.

"బిడ్డా, మీ తెలుగు సినిమాల తెలుగు లెక్కున్నది. జర మెల్లగ జెప్పు."

మెల్లగా చెప్పాను. ఈ సీసా రాత్రి మీ దగ్గరే ఉంచుకోండి, పొద్దున లేవగానే పట్టిన మూత్రం ఇందులో ఇవ్వాలి. సీసా మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా నర్సు బీరువాలో తాళం వేసి ఉంటుంది, కంపెనీకి ఇవ్వం, నాక్కూడా చూపించరు. ఎవరికైనా బాగాలేదని తేలితే ఆ నంబరు మనిషికి మాత్రమే కవరులో కాగితం వస్తుంది, దాంతో ఆస్పత్రికి వెళ్ళొచ్చు. ఇదంతా బట్టీపట్టినట్టు చెప్పాను.

పెద్దాయన గదిలో ఆరుగురు ఉండేవారు, ఆయన కాకుండా. ఐదుగురు సంతకాలు పెట్టారు. ఆరో ఆయన మాత్రం బల్ల దాకా వచ్చి ఆగిపోయాడు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, వెడల్పాటి భుజాలు. క్యాంప్‌లో అందరూ ఆయన్ని గట్టోడు అని పిలిచేవారు. అందరూ ఒక్కో సిమెంటు బస్తా ఎత్తితే ఈయన రెండేసి ఎత్తుతాడని పెద్దాయన గొప్పగా చెప్పాడు.

"సీసా మీద పేరుండదా మేడం? నిజంగనా?" అని అడిగాడు గట్టోడు.

"ఉండదండీ. నంబరొక్కటే."

"జాబితల ఉంటది గద."

"జాబితాలో ఉంటుంది. తప్పదు."

"అయితె నాకొద్దు. నేను సంతకం వెట్ట," అని, పక్కకెళ్ళి మా అట్టపెట్టెలు వ్యాన్ దాకా తనే మోసుకెళ్ళి పెట్టాడు. ఇష్టం లేనివాళ్ళని బలవంతపెట్టకూడదని మాకు క్లాసులో చెప్పారు. నేను బలవంతపెట్టలేదు. ఆ పొద్దుటికి నేను చేసిన సరైన పని అదొక్కటే.

మర్నాడు నర్సు సీసాలు తెచ్చింది. ఆ పైన మూడు వారాలు నా బతుకంతా వాటితోనే. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం కెమిస్ట్రీ ల్యాబ్, సాయంత్రం నుంచి సీసాలు. గడ్డకట్టించి దాచినవి కరిగించడం, మిషన్‌లో గిర్రున తిప్పడం, చుక్కలు వేయడం, మిషన్ ఇచ్చిన అంకెలు ఎక్సెల్‌లో ఎక్కించడం. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూస్తాం. కిడ్నీ జల్లెడ లాంటిది, కన్నాలు పెద్దవైతే పోకూడనిది పోతుంది. ఎక్కువమందికి అంకెలు మామూలుగానే వచ్చాయి, కొందరికి నీళ్ళు తక్కువయ్యాయని తేలింది. ఒక సాయంత్రం వరసగా ఐదు సీసాల్లో ఆల్బుమిన్ విపరీతంగా కనిపించింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఐదింటి అంకెలూ ఇంచుమించు ఒక్కటే. నంబర్లు వరసగా ఉన్నాయి, అంటే ఒకే గది వాళ్ళు.

ఐదుగురు మనుషుల మూత్రం ఒకేలా ఉండదని ప్రీమెడికల్‌లో నెల కిందట చేరిన పిల్లకి కూడా తెలుసు. అనుమానపడాల్సింది పోయి నేను మురిసిపోయాను. ఒకే గది, ఒకే పని, ఒకే ఎండ, ఒకే కుళాయి నీళ్ళు, అందుకే ఒకే జబ్బు అని కథ అల్లేశాను. ఆ కథ నాకు ఎంత నచ్చిందంటే ఆ రాత్రి హాస్టల్‌కి నడుస్తూ నాలో నేనే ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చుకున్నాను. ప్రొఫెసరు కాగితాలు రెండుసార్లు చూసింది. ఆవిడ కూడా "మళ్ళీ చెయ్యి" అనలేదు. "విద్యార్థుల సదస్సుకి రాయి. ఆదివారం ఆఖరు తేదీ. సీటుకి నీ ఉత్తరం కూడా ఆ వారమే పంపుతాను," అంది. రెండేళ్ళ అలసట ఒక్కసారిగా దిగిపోయినట్టయింది.

పద్ధతి ప్రకారం ఆ ఐదుగురికీ కవర్లలో కాగితాలు వెళ్ళాయి. ఆదివారం ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం పొద్దున, మిగిలిన వాళ్ళ సంతకాల కోసం నేనూ నర్సూ మళ్ళీ క్యాంప్‌కి వెళ్ళాం. నర్సు పక్క బ్లాకులోకి వెళ్ళింది. పెద్దాయన నా బల్ల దగ్గరికొచ్చి లుంగీ మడతలోంచి ఐదు కవర్లూ తీసి ముందు పెట్టాడు.

"ఇవి వాపస్ దీస్కో బిడ్డా."

"అదేంటి బాబాయ్, ఇవి పట్టుకునే కదా ఆస్పత్రికెళ్ళాలి."

"ఇవి వాళ్ళయి గావు."

నాకు అర్థం కాలేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పడానికి సిగ్గుపడుతున్నాడని మొహం చూస్తేనే తెలిసింది.

"గల్ఫ్‌ల దిగంగనే మాకు సీసా ఇస్తరు, నెత్తురు దీస్తరు, ఎక్స్‌రే దీస్తరు. పోయినేడు మా గదికొచ్చిన ఒకడు ఎక్స్‌రేల అన్‌ఫిట్ అయ్యిండు. సామాన్ గూడ పూర్తిగ ఇప్పలే, విమానం ఎక్కిచ్చిన్రు. నువ్వేమొ పేరుండదంటివి. నువ్వు మంచి పిల్లవే. గని సీసా సీసానే గద బిడ్డా. చేతికిస్తె పానం గుబులైతది. అందుకని అందరు ఒక్కనిదే పోసిన్రు. ఐదు సీసాలల్ల ఒక్కనిదే."

"ఎవరిది?"

"మా గట్టోనిది. క్యాంప్‌ల వానికంటె మంచిగున్నోడు ఎవడున్నడు? నేనే వోస్త తీయిర్రి అన్నడు వాడు." అని నవ్వాడు పెద్దాయన. "వానికే గిట్లొచ్చిందంటె, మీ మిషినే ఖరాబైనట్టుంది. జర చూస్కోర్రి."

కిటికీలోంచి బయటికి చూశాను. గట్టోడు రెండు భుజాల మీద రెండు నీళ్ళ క్యాన్లు పెట్టుకుని వంటగదివైపు పోతున్నాడు. మిషన్‌కి ఏమీ కాలేదు, మూడుసార్లు సరిచూశాను. జబ్బు ఐదుగురికి కాదు, ఒక్కడికే. అది కూడా మా జాబితాలో లేని ఒక్కడికి. ఆయనకి నంబరు లేదు, కవరు లేదు.

ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ ఆ రోజు నేను లేచి ఆయన దగ్గరికి వెళ్ళలేదు. కవర్లు సంచిలో పెట్టుకుని, "కనుక్కుని చెప్తాను బాబాయ్," అన్నాను. నర్సు వచ్చి వ్యాన్ స్టార్ట్ చేసింది కాబట్టి వెళ్ళిపోయానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నర్సుని ఐదు నిమిషాలు ఆగమంటే ఆగేది. ఆగమనలేదు. దారిలో ఆవిడ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

ఆదివారం పొద్దున ఐదు సీసాల అంకెలతో సహా సదస్సుకి పంపేశాను. మిషన్ ఖరాబయి ఉండొచ్చుననీ, పెద్దాయనే పొరబడి ఉండొచ్చుననీ, ముందు ఉత్తరం వెళ్ళిపోతే ఆ తరవాత తీరిగ్గా చెప్పొచ్చుననీ రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. సోమవారం ఫిజియాలజీ క్లాసులో కిడ్నీ పాఠమే. బోర్డు మీద జల్లెడ బొమ్మ గీస్తుంటే చూడలేక ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. చదువు, సీటు, నాన్న నామీద పెట్టుకున్న ఆశ, అన్నీ కలిసి నా నోరు నొక్కాయని చెప్పుకోవచ్చు. కాని నొక్కింది నేనే. ఒక మనిషికి జబ్బుందని భూమ్మీద నాకొక్కదానికే తెలుసు, నేను చెప్పలేదు. సిగ్గుగా ఉంది, ఇప్పటికీ.

మంగళవారం మధ్యాహ్నం ఇక నావల్ల కాక ప్రొఫెసరు గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ డబ్బాలోంచి అన్నం తింటోంది. తినడం ఆపలేదు.

"శుక్రవారం తెలిసిందా?"

"అవునండీ."

"ఆదివారం పంపావు."

"పంపాను."

స్పూను పక్కన పెట్టింది. "వెనక్కి తీసుకో, ఇప్పుడే, నా ముందు. ఆ ఐదుగురి దగ్గరా మళ్ళీ తీసుకోవాలి, ఈసారి నర్సు ఎదురుగా ఉండాలి. ఆ ఆరో మనిషి మన స్టడీలో లేడు, మన కాగితం ఆయనకి పనికిరాదు. నువ్వెళ్ళి నోటితో చెప్పు. ఆస్పత్రిలో చూపించుకోమను." నేను లేచి తలుపు దాకా వెళ్ళాక ఇంకో మాట అంది. "ఉత్తరం రాస్తాను. ఇది కూడా రాస్తాను, నువ్వు దాచిన సంగతీ, చెప్పిన సంగతీ, రెండూ." ఆవిడ అన్నట్టే రాసింది. ఆ ఏడు నాకు సీటు రాలేదు. ఇంటర్వ్యూలో అడిగింది ఆ నాలుగు రోజుల గురించే. మరుసటేడు వచ్చింది. దాని గురించి నాకు ఫిర్యాదేమీ లేదు, అలసట ఉంది.

బుధవారం పెద్దాయనకి ఫోన్ చేశాను. విషయం చెప్పి, మిషన్ బాగానే ఉందన్నాను.

"వాడు లేడు బిడ్డా. మొన్న సోమవారమే షమాల్ సైటుకు పోయిండు. అక్కడ క్యాంప్ వేరే."

శుక్రవారమో, ఆదివారమో చెప్పి ఉంటే ఆయన క్యాంప్‌లోనే ఉండేవాడు. పెద్దాయన ఇచ్చిన నంబరు ఫోన్‌లో గట్టోడు అని రాసుకున్నాను. పదిసార్లు చేస్తే ఒకసారి ఎత్తాడు. శుక్రవారం వస్తానంటే వద్దన్నాడు. వస్తానన్నాను. సరేనని పెట్టేశాడు.

గురువారం సాయంత్రం నర్సు బిర్కత్ అల్ అవామిర్ వెళ్ళి ఐదుగురి మూత్రం కాగితపు పట్టీతో అక్కడికక్కడే చూసి మెసేజ్ పెట్టింది. ఐదుగురూ బాగున్నారు. అప్పటికి నేను నాన్న కారులో దుఖాన్ పోతున్నాను. నాన్నకి మొత్తం చెప్పాను. రేపు ఆరాధనకి రాలేను, దేశం ఉత్తరపు కొసనున్న మదీనత్ అల్ షమాల్ తీసుకెళ్ళమన్నాను. ఆయనకి ఆ వారం వాక్యం చదివే వంతు ఉంది. సంఘ పెద్దకి ఫోన్ చేసి, "ఆయ్, అమ్మాయికి పనుందండి, ఈ వారం ఇంకెవరికైనా చెప్పండి, ఆయ్," అని పెట్టేశాడు.

పొద్దున్నే బయల్దేరాం. అల్ ఖోర్ ఊరు దాటాక నాన్న అడిగాడు.

"ఎన్ని రోజులు చెప్పకుండా ఉన్నావమ్మా?"

"నాలుగు."

"నేనైతే అసలు చెప్పేవాణ్ణి కాదేమో," అన్నాడు. ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియలేదు. అడగలేదు. ఓదార్పయితే అది పనిచేయలేదు, నిజమైతే నాన్న గురించి ఇంకో సంగతి తెలుసుకునే ఓపిక ఆ పూట నాకు లేదు.

ఊరి మొదట్లో ఒక మలయాళీ కెఫెటీరియా ఉంది. గట్టోడు అక్కడికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. బయట గాలి దుమ్మెత్తిపోస్తోంది. మూడు కరక్ చాయ్‌లు తెప్పించాడు నాన్న. నేను రెండు రోజులుగా వల్లెవేసుకున్న మాటలు మొదలుపెట్టేలోపే ఆయనే అడిగాడు.

"ఆ ఐదుగురిని మళ్ళ చూసిన్రా మేడం?"

"నిన్ననే చూశాం. వాళ్ళవే తీసుకున్నాం. అందరూ బాగానే ఉన్నారు."

"అందరు?"

"అందరూనండీ."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగాడు. నేను ఇక ఆగలేక, "మీకే బాగాలేదండీ," అన్నాను.

"నాకెర్కనే."

నాన్నా నేనూ ఒకర్నొకరు చూసుకున్నాం. ఆయన టేబుల్ కింద కాళ్ళు కొంచెం ముందుకు జరిపాడు. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు లోపలికి దిగబడి ఉన్నాయి.

"ఆర్నెల్ల సంది కాళ్ళు వాస్తున్నయ్. పొద్దుగాల షూ ఎక్కదు. ఒంటికి పోతె నురుగొస్తది. ఎవ్వలకు జెప్పాలె? కంపెనీ క్లినిక్‌ల జెప్తె ముదీర్‌కు, గదే మేనేజర్‌కు, తెలుస్తది. గదోళ్ళకు జెప్తె నన్ను బస్తా ఎత్తనియ్యరు. మీరొచ్చి సీసా మీద పేరుండదన్నరు. సంతకం వెడితె జాబితల నా పేరుంటది. వాళ్ళేమొ సీసా అంటేనే భయపడవట్టిరి. నేనే వోస్త తీయిర్రి అన్న. సంబురపడ్డరు." ఆగి, మళ్ళీ అన్నాడు. "మంచిగుంటె ఎవ్వలకు కాగితం రాదు. లేకుంటె ఐదొస్తయ్. ఐదొచ్చినయ్."

ఆయన ముందు నేను జాలిపడడానికి సిద్ధమై వచ్చాను. పాపం తెలియక పోశాడని, తెలియజెప్పడానికి నేనొచ్చానని అనుకున్నాను. ఆయన మా స్టడీని మాకంటే బాగా అర్థం చేసుకుని, పేరు పడకుండా తన జబ్బు తనే కనుక్కున్నాడు.

"మరి ఇక్కడికి..."

"నేనే అడిగి వచ్చిన. క్యాంప్‌ల ఉంటె మీరు నన్ను దొరకవడతరని."

నేను చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. "నాకు పోయిన శుక్రవారమే తెలుసండీ. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాకు కావలసిన ఒక ఉత్తరం ఆగిపోతుందని."

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "నాల్గు దినాలేనా? నేను ఆర్నెల్లు జెప్పలే. మీరే నయం."

తిడతాడనుకుని వచ్చాను. తిట్టి ఉంటే బాగుండేది.

నవ్వు అయిపోయాక అడిగాడు, "దవాఖానకు పోతె నన్ను విమానం ఎక్కిస్తరా మేడం?"

ఏం కాదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ దేశంలో ఆ మాటే అందరం అందరితో అంటాం, మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్ అని. "నాకు తెలియదండీ," అన్నాను. "ఎక్కించొచ్చు, ఎక్కించకపోవచ్చు. చూపించుకోకపోతే మాత్రం కిడ్నీలు పోతాయి. అది తెలుసు."

ఆయన గ్లాసులో మిగిలిన చాయ్ తాగేశాడు. నాన్న, "నేను కూడా లోపలికొస్తాను బాబూ, ఒక్కణ్ణే పంపం," అన్నాడు.

"ఏం గాదు అంటదనుకున్న మీ బిడ్డె," అన్నాడు గట్టోడు నాన్నతో. "అంటె రాకపోదును. పాండ్రి, యల్లా."

వెనక సీట్లో కూర్చున్నాడు. దారిలో ఏ మందులైనా వాడుతున్నారా అని అడిగితే చొక్కా జేబులోంచి గోలీల పట్టీ తీసి చూపించాడు. నడుంనొప్పి గోలీలు. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, రెండేళ్ళుగా. అవి వేసుకుంటేనే రెండు బస్తాలు లేస్తాయట. కిడ్నీలని అవెలా పాడుచేస్తాయో నాకు పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వచ్చింది, పదికి పది తెచ్చుకున్నాను. పట్టీ నా దగ్గరే ఉంచుకుంటానన్నాను. ఇవ్వడానికి కొంచెం తటపటాయించి ఇచ్చాడు. ఆ తరవాత ఆయన్ని ఎవరూ విమానం ఎక్కించలేదు. బరువులు ఎత్తే పని తీసేసి స్టోర్‌లో పెట్టారు, కాంట్రాక్టు అయ్యేదాకా ఉన్నాడు, ఇప్పుడు ఊళ్ళోనే మందులు వాడుకుంటున్నాడు. బాగైపోయాడని రాయలేను, పెద్దాయన చెప్పిందాన్నిబట్టి అలాగే ఉన్నాడు. కాని ఆ శుక్రవారం కారులో ఇదేమీ మాకు తెలియదు. ముగ్గురం తిన్నగా దోహాలో ఆస్పత్రికి పోయాం.

ఆస్పత్రిలో జనం బాగానే ఉన్నారు. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాం. మా వంతు వచ్చాక కౌంటర్ దగ్గర ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆయన పతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, అడిగింది. జేబులోంచి తీశాడు గానీ వెంటనే వదల్లేదు. ఆ అమ్మాయి రెండోసారి చెయ్యి చాపితే ఇచ్చాడు. కార్డు మీద రాసే ఉంది, అయినా అలవాటుగా పేరు చెప్పమంది. ఆయన నావైపు తిరిగి చూశాడు, నేను చెప్తాననుకున్నట్టున్నాడు. నాకు తెలిస్తే కదా. మూడు వారాలు ఆయన మూత్రాన్ని ఐదు నంబర్ల కింద రాసుకున్నాను, ఆయన గురించి ప్రొఫెసరుకి చెప్పాను, నాన్నకి చెప్పాను, అంత దూరం వెతుక్కుంటూ వెళ్ళాను. పేరు మాత్రం అడగలేదు. ఆయన గొంతు సవరించుకుని ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. ఆ అమ్మాయికి వినపడక ఇంకోసారి అడిగితే, కౌంటర్ మీదకి వంగి, ఈసారి మా వెనకాల లైనులో ఉన్నవాళ్ళందరికీ వినపడేటట్టు చెప్పాడు.